ఏరు దాటిన గొడుగు

ఒక పెద్ద అడవిలో వాన మొదలైతే ఓ పట్టాన వదిలేది కాదు. అక్కడ గొడుగు లేకుండా గడిచే జీవి లేదు. అందరిలోకీ ఎక్కువ అవసరం కుందేలు మంగతాయారుది. చెవులు పొడుగు కదా, చినుకు పడితే తిన్నగా లోపలికే పోయేది. ఆవిడకి ఐదుగురు పిల్లలు, అంటే పది చెవులు. వానాకాలం వచ్చిందంటే ఇంట్లో ఎవరో ఒకరు చెవి పట్టుకుని ఏడుస్తూనే ఉండేవారు.

ఆ అడవిలో గొడుగులు కుట్టేవాడు ఏదుపంది ఏకాంబరం. మోదుగాకుల్ని మూడు వరసలు పేర్చి, తన ఒంటి మీంచి రాలిన ముళ్ళతోనే బిగించి కుట్టేవాడు. ఒకటి కొంటే రెండు మూడు వానాకాలాలు నిశ్చింత. ధర ఎనిమిది ఇప్పకాయలు. అక్కడ ఇప్పకాయలే డబ్బు.

ఏకాంబరం పని మంచిదే కానీ నోరు మంచిది కాదు. ఎవరైనా బేరమాడితే ముళ్ళు నిక్కబొడుచుకునేవి. "ఇష్టమైతే కొనుక్కో, లేకపోతే తడువు" అనేవాడు.

ఇలా ఉండగా నక్క నీలాద్రి ఏటి ఒడ్డున దుకాణం తెరిచాడు. ఏటికి అవతల ఇంకో అడవి ఉంది. అక్కడ కోతులు గుంపులుగా కూర్చుని గొడుగులు చేసేవి. ఆకు ఒకటే వరస, కుట్టు లేదు, అంతా జిగురు అతుకు. పైన మాత్రం ఎర్రగా రంగు పూసి, కొసకి ఒక నెమలీక గుచ్చేవి. వాటిని నీలాద్రి మూడు ఇప్పకాయలకి అమ్మడం మొదలుపెట్టాడు.

మంగతాయారు ఆ రోజు ఇంట్లోంచి బయల్దేరింది ఏకాంబరం దగ్గరికే. దారిలో నీలాద్రి పిలిచాడు.

"చెల్లెమ్మా, ఎనిమిది పెట్టి ఒకటి కొంటే ఒక్క పిల్ల తడవదు. మిగతా నలుగురి మాటేంటి? ఆ ఎనిమిదికి ఇంకొక్కటి కలుపు, నా దగ్గర మూడు గొడుగులొస్తాయి."

లెక్క తప్పు లేదు. మంగతాయారు మూడు కొనుక్కుని ఇంటికొచ్చింది.

మొదటి వానకే జిగురు కరిగింది. పిల్లలు ఎర్రగా తడిసి ఇంట్లోకి వచ్చారు. వాళ్ళ నాన్న చూసి, రక్తమనుకుని గుమ్మంలోనే కూలబడ్డాడు. ఆయన తేరుకునేసరికి పిల్లల ఒళ్ళు కడగడం కూడా అయిపోయింది.

గొడుగు మళ్ళీ కొనాల్సి వచ్చింది. అదీ కరిగింది. ఇంకొకటి కొంది. ఏకాంబరం ఇంటి ముందు నుంచి వెళ్ళడానికి మొహం చెల్లక చుట్టుదారి పట్టింది. ఒక రోజు పొదల వెనక నుంచి మాట వినిపించింది.

"మంగా, నా వాకిట్లో పాములేం లేవు. ఇటుగానే పోవచ్చు."

అమ్ముడుపోని గొడుగుల మధ్య కూర్చుని ఉన్నాడు ఏకాంబరం. ముళ్ళు కూడా వాలిపోయి ఉన్నాయి.

"నీ గొడుగు మంచిదని నాకు తెలీదా బాబాయ్. ఉన్నవన్నీ మొదటిసారే అక్కడ పోశా, మళ్ళీ ఎనిమిది తియ్యలేకపోయా."

"ఇప్పటికి అక్కడ పెట్టింది ఎంత?"

మంగతాయారు నేల చూపులు చూసింది. "ఎక్కువే అయింది. మూడేసి చొప్పున ఎన్నిసార్లయినా తియ్యొచ్చు బాబాయ్. ఎనిమిది ఒక్కసారి తియ్యలేం. లేనితనం అంటే అదే కదా."

ఏకాంబరం సగం కుట్టిన గొడుగుని పక్కన పెట్టేశాడు.

ఏకాంబరం పని మానేస్తున్నాడన్న సంగతి అడవి సభకి తెలిసింది. సభాధ్యక్షులు ఏనుగు దంతయ్యగారు. ఆయనకి ఉపన్యాసమంటే చెరకుతో సమానం. వెంటనే సభ పెట్టించారు. ఆ రోజు జల్లు పడుతోంది. వచ్చినవాళ్ళంతా ఎర్ర గొడుగులు పట్టుకునే నిలబడ్డారు.

"మన గొడుగే మన గౌరవం" అన్నారు దంతయ్యగారు తొండం ఎత్తి. "పరాయి గొడుగు నీడన నిలబడటం కన్నా తడిసి చావడం మేలు."

అందరూ చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది కొండముచ్చు కామేశం. చప్పట్లు కొట్టడానికి వీలుగా తన ఎర్ర గొడుగుని తోకతో పట్టుకున్నాడు.

మంగతాయారు వెనక వరసలోంచి ముందుకొచ్చింది. "అయ్యా, మన సరుకు మంచిదే. కాస్త ఎక్కువ ఇవ్వడమూ న్యాయమే. కానీ ఆ ఎక్కువ లేనివాళ్ళం ఏం చెయ్యాలో కూడా సెలవియ్యండి."

"అభిమానానికి లెక్కలుండవమ్మా" అన్నారు దంతయ్యగారు. అభిమానంతో ఆయనెప్పుడూ ఏదీ కొన్నట్టు ఎవరికీ గుర్తులేదు. కాని మళ్ళీ చప్పట్లు మోగాయి.

తీర్మానం జరిగింది. ఇకనుంచి ఏనుగు పాదం ముద్ర ఉన్న గొడుగే అడవిలో వాడాలి. ముద్ర లేనిది పరాయి సరుకు, పట్టుకుంటే శిక్ష. ముద్ర వెయ్యడానికి ఒక సంఘం, దానికొక పెద్ద. ఆ పెద్దరికం నీలాద్రికి ఇచ్చారు.

"గొడుగుల వ్యాపారంలో అనుభవం ఆయనకే ఉంది" అన్నారు దంతయ్యగారు.

"మరి ఏకాంబరం?" అని ఎవరో అడిగారు.

"ఆయన కుట్టేవాడు. కుట్టేవాడికి గొడుగుల గురించి ఆలోచించే తీరికెక్కడిది?"

పాత ఆశ మళ్ళీ చిగురించి, ఏకాంబరం తన గొడుగు పట్టుకుని ముద్ర కోసం వెళ్ళాడు. నీలాద్రి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది మన అడవిదేనని రుజువేంటి?"

"కుట్టులో నా ముల్లుందిగా."

"ముళ్ళు ఏటవతల ఏదుపందులకీ ఉంటాయి. మీ నాన్న పుట్టిందెక్కడ?"

"ఆ గట్టు వెనకాల బొరియలో."

"ఆ బొరియ చూపించగలవా?"

"వరదకి పూడిపోయింది."

"అదీ సంగతి" అన్నాడు నీలాద్రి జాలిగా. "పరిశీలనలో పెడతాం. వెళ్ళి రా."

అలా ఆ అడవిలో పుట్టి, ఆ అడవి ఆకుతో కుట్టిన గొడుగు ఒక్కటే పరాయిది అయిపోయింది.

నీలాద్రి మాత్రం ఏటవతల నుంచి ఎప్పటిలాగే సరుకు తెప్పించాడు. నెమలీకలు పీకేసి, ఎరుపు మీద పచ్చరంగు పూయించి, ఏనుగు పాదం ముద్ర కొట్టాడు. దుకాణం మీద 'మన గొడుగు' అని రాసిన పలక కట్టాడు. ధర పన్నెండు.

మంగతాయారు దాచుకున్న దుంపలన్నీ అమ్మి ఒకటి కొంది. "పోనీలే, ఎక్కువైనా మనవాళ్ళకే కదా పోయేది, సరుకు గట్టిదై ఉంటుంది" అని మొగుడికి సర్దిచెప్పింది. ఆ సాయంత్రమే వాన పడింది. ఈసారి పిల్లలు పచ్చగా తడిసి వచ్చారు. ఇంటాయనకి అలవాటైపోయి, తువ్వాలు అందించి ఊరుకున్నాడు.

మంగతాయారు కరిగిన గొడుగుని వాసన చూసింది. అదే జిగురు. తిన్నగా దుకాణానికి వెళ్ళి నీలాద్రి ముందు పడేసింది.

"నెమ్మదిగా మాట్లాడు చెల్లెమ్మా" అన్నాడు నీలాద్రి. "మన సరుకుని మనమే తిట్టుకుంటే నలుగురిలో పరువేం కావాలి? నీకు అడవి మీద ప్రేమ లేదా?"

అడవి మీద ప్రేమ ఉండటానికీ పిల్లల చెవుల్లో నీళ్ళుండటానికీ సంబంధమేమిటో ఆవిడకి అర్థం కాలేదు. అక్కణ్ణించి ఏకాంబరం ఇంటికి పోయింది. తలుపు వేసి ఉంది. ఏటి ఒడ్డున తాబేలు కూర్మయ్య కనిపించాడు. వీపు మీద సరుకులూ జనాన్నీ ఏరు దాటించడం ఆయన వృత్తి.

"ఏకాంబరమా? అవతలి ఒడ్డున అమ్ముకుంటున్నాడమ్మా. అక్కడ ఆయన గొడుగు ఇరవై పలుకుతోంది."

"కోతులు వాళ్ళ గొడుగులు మానేసి ఇరవై పెట్టి మన గొడుగు కొంటున్నారా తాతా?"

"వాళ్ళు చేసినవి వాళ్ళు వాడరు. అది ఎలా చేశారో వాళ్ళకి తెలుసు కదా. ఎక్కు, చూద్దువుగాని."

మంగతాయారు కూర్మయ్య వీపెక్కి ఏరు దాటింది. అక్కడి సంతలో ఏకాంబరం చుట్టూ కోతులు మూగి ఉన్నాయి. "పరదేశపు సరుకండీ, ఆ బిగువు చూడండి" అని ఒకదానికొకటి చూపించుకుంటున్నాయి. ఆ గుంపులో ఒక పక్కగా, మొహానికి అరిటాకు అడ్డం పెట్టుకుని ఎవరో నిలబడి ఉన్నారు. ఆకు వెనక నుంచి రెండు దంతాలు బయటికొచ్చాయి. దంతయ్యగారు. బేరం లేకుండా ఇరవై ఇచ్చి ఒక గొడుగు తీసుకుని, అటు చూసి, ఇటు చూసి, ఏట్లోకి దిగిపోయారు.

గుంపు పలచబడ్డాక మంగతాయారు దగ్గరికెళ్ళింది. ఏకాంబరం ఆవిడ చెవులకంటిన పచ్చరంగు చూసి, ఏమీ అడగకుండానే సంగతి గ్రహించాడు.

"రేపు ఇంటికి రా, నీకు ఎనిమిదికే ఇస్తా. ఇక్కడ ఎనిమిదని అనకు. నాసిరకమనుకుంటారు."

"దానికి ముద్ర లేదుగా బాబాయ్. పట్టుకుంటే?"

"వాళ్ళు పట్టుకుంటే ఓ మాట అంటారు. వాన పట్టుకుంటే నీ పిల్లలకి చెవిపోటు. ఏది పర్వాలేదో నువ్వే చూసుకో."

మర్నాడు వాళ్ళాయన కూడబెట్టిన ఇప్పకాయలు అడిగి పుచ్చుకుని మంగతాయారు ఆ గొడుగు కొంది. పిల్లలు ఐదుగురూ ఒకరి మీద ఒకరు పడి, దాని కిందే సర్దుకున్నారు.

తర్వాత కొన్నాళ్ళకి 'మన గొడుగు' ఉత్సవం వచ్చింది. అడవంతా పచ్చ గొడుగులతో చేరింది. దంతయ్యగారు వేదికెక్కి "మన నాణ్యం" అనేసరికి మబ్బు విరుచుకుపడింది. పచ్చరంగు ధారలు కట్టింది. పచ్చ పోయాక కింద ఎరుపు బయటపడింది. ఎరుపూ పోయాక ఆకు బయటపడింది. కాసేపటికి అందరి చేతుల్లో కర్రలు మిగిలాయి.

తడవనిది రెండు గొడుగుల కిందివాళ్ళే. వేదిక మీద దంతయ్యగారు, వెనక వరసలో పిల్లలతో మంగతాయారు.

"అధ్యక్షులవారి గొడుగు చుక్క కారడం లేదు" అన్నాడు కామేశం, కర్ర పట్టుకుని. "ఎక్కడిదండీ?"

దంతయ్యగారు ఇరుకున పడ్డారు. మనదంటే ముద్ర చూపించాలి. "ఇది ఏటవతలిది. కేవలం పోల్చి చూడటానికి తెప్పించాను" అన్నారు.

"అదీ మరి" అన్నాడు కామేశం. "పరాయి సరుకు పరాయి సరుకే. మనవాళ్ళకి అంత పనితనం ఎక్కడ ఏడ్చింది?" గుంపంతా తలలూపింది.

మంగతాయారు గొడుక్కీ ముద్ర లేదు. అయినా లేచి నిలబడింది.

"ఆ కుట్టు చూడండి. ఏదుముల్లు. ఏకాంబరం బాబాయి కుట్టింది. నాదీ ఆయన కుట్టిందే. కరిగిపోయిన మీవే ఏటవతలివి. లోపలి ఎరుపు మీకే కనబడుతోందిగా."

"ఈవిడ గొడుగుకి ముద్ర లేదు, పట్టుకోండి" అన్నాడు నీలాద్రి. ఎవరూ కదల్లేదు. అందరూ తమ చేతికంటిన రెండు రంగుల్నీ చూసుకుంటున్నారు. అది గమనించి నీలాద్రి మెల్లగా వెనక్కి నడిచి, ఏట్లోకి దూకి, అవతలి ఒడ్డు చేరుకున్నాడు.

దంతయ్యగారు మాత్రం ఇంకో విషయం దగ్గరే ఆగిపోయారు. "నువ్వెంతకి కొన్నావమ్మా?"

"ఎనిమిదికండీ."

ఆయన తొండం వేలాడేసుకుని కూర్చుండిపోయారు.

ఆ తడితోనే అడవంతా ఏకాంబరం ఇంటిమీద పడింది. ఏకాంబరం సంతోషంతో ఉన్న గొడుగులన్నీ బయటపెట్టాడు.

"ఎంత?"

"ఎనిమిది."

"ఎనిమిదా?" అన్నాడు కామేశం. "ఆకు మన చెట్లది, వెదురు మన పొదది, ముల్లు నీ ఒంటిది. ఎనిమిది ఎలా అవుతుందయ్యా? మన అడవివాడివి, మన దగ్గర కూడా లాభం చూసుకుంటావా? ఐదుకియ్యి." వెనకనుంచి ఇంకెవరో నాలుగన్నారు. రెండుసార్లు పన్నెండేసి పోగొట్టుకున్న అడవిదున్న మూడు దగ్గర పట్టుబట్టింది.

ఏకాంబరం ముళ్ళు ఒక్కసారి లేచాయి. తర్వాత నీరసంగా పడిపోయాయి. "ఈ పని నావల్ల కాదు మంగా" అన్నాడు పక్కనున్న మంగతాయారుతో.

ఆవిడ ఆయన చెవిలో ఏదో చెప్పింది. ఏకాంబరం దుకాణం మూసేశానని చెప్పి అందర్నీ పంపించేశాడు. ఇద్దరూ కలిసి గొడుగుల్ని కూర్మయ్య వీపు మీద పేర్చారు. కూర్మయ్య ఏటి నడుమదాకా ఈదుకుంటూ పోయి, అక్కడ కాస్త నీళ్ళు తాగి, వెనక్కి తిరిగి వచ్చాడు.

"ఏటవతలి నుంచి సరుకొచ్చింది" అని కేకేసింది మంగతాయారు. "ఒక్కోటి ఇరవై. బేరాల్లేవు."

ముద్ర ఏదని ఎవరూ అడగలేదు, గంటలో ఒడ్డు ఖాళీ అయింది. కామేశం రెండు కొన్నాడు, ఒకటి వాడటానికి, ఇంకోటి బంధువులొస్తే చూపించడానికి. అడవిదున్న కుట్టు తడిమి చూసి, "పరదేశంవాళ్ళు ముల్లుతో ఎంత బాగా కుడతారో" అంది మెచ్చుకోలుగా.

"ఇది మోసం కాదా మంగా?" అన్నాడు ఏకాంబరం, ఇప్పకాయల కుప్ప వైపు భయంగా చూస్తూ.

"నిజం చెప్పి ఎనిమిదే అడిగావుగా బాబాయ్. కొన్నారా?"

ఆ ఏడాది నుంచి ఏకాంబరానికి చేతినిండా పని. పెరటి గుమ్మం దగ్గరికి తడిసిన పిల్లల్ని తీసుకుని వచ్చే ఎలకలకీ ఉడుతలకీ ఎనిమిదికీ ఇచ్చేవాడు, ఆరుకీ ఇచ్చేవాడు. ఒడ్డున కొనేవాళ్ళ ఇరవై ఆ లోటు పూడ్చేది. కుందేలు పిల్లల చెవులు ఆరిపోయి, వాళ్ళమ్మ మాట వినకపోవడానికి వేరే సాకు వెతుక్కోవాల్సి వచ్చింది.

కాబట్టి మన సరుకు మనవాళ్ళ చేత మంచి ధరకి కొనిపించాలంటే, అది మనదని చెప్పకపోవడమే మేలు.