రాజభవనంలో ఒక వాటా

ఆ రోజు పొద్దున్న ఏడింటికే వాగుడుకాయ తయారైపోయి, గడియార స్తంభం ఎత్తెంతో అద్దానికి మూడుసార్లు చెప్పింది. అద్దం ఏమీ అనకపోయేసరికి నాలుగోసారి కూడా చెప్పింది. ఆమెకు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, నడక రాకముందే మాటలు మొదలుపెట్టిందని మేనమామ తగిలించిన ఈ పేరే ఇరవై నాలుగేళ్ళు వచ్చినా వదల్లేదు.

ఆ మేనమామకు నగరం చూపించే కంపెనీ ఒకటి ఉంది. కంపెనీ అంటే మూడు కార్లు, ఒక గది, రెండు ఫోన్లు. ఆ ఫోన్ల దగ్గర ఆమె మూడేళ్ళు కూర్చుంది. ఊరు చూడాలనుకునే వాళ్ళందరినీ వేరేవాళ్ళ వెంట కార్లో ఎక్కించి పంపిస్తూ, "నన్నూ గైడుగా పంపు మావయ్యా" అని అడగని వారం లేదు. చివరికి పాత గైడు చెప్పాపెట్టకుండా ఇంకో కంపెనీలో చేరిపోవడంతో మేనమామకు వేరే దారి లేకపోయింది.

"ఇవిగో, నలభై పేజీలు. ఇందులో ఉన్నది చెప్పు, లేనిది చెప్పకు. ఇవాళ ఏమాత్రం తేడా వచ్చినా రేపు మళ్ళీ ఫోన్ల దగ్గరే."

"వచ్చేదెవరు మావయ్యా?"

"భార్యాభర్తలు. స్టేషన్ ఎదురు హోటల్లో దిగారు. తొమ్మిదింటికి గేటు దగ్గరుంటారు. మన తెల్ల కారు చూసి వాళ్ళే వస్తారులే."

లోకంలో భార్యాభర్తలు ఒక్క జంటే, తెల్ల కారు ఒక్కటే అన్నంత ధీమాగా చెప్పాడాయన.

డ్రైవరు కారును గేటు దగ్గర ఆపీ ఆపకముందే ఒక జంట ఎదురొచ్చింది. ఆయన పొడుగ్గా, నిదానంగా ఉన్నాడు. ఆవిడ పొట్టిగా, చురుగ్గా, భుజానికి పెద్ద సంచీతో ఉంది.

"మాకు చూపించడానికి వచ్చింది నువ్వేనా అమ్మాయ్?"

"నేనేనండీ! ఎక్కండి!"

నిజానికి మేనమామ చెప్పిన జంట ఇంకా హోటల్లోనే ఉంది. ఎండకు టోపీలు పెట్టుకోవాలా వద్దా అన్న దగ్గర వాళ్ళకు మాటామాటా పెరిగి అయిదు నిమిషాలు ఆలస్యమైంది. ఈ కారెక్కినాయన వంతెనలు కట్టే ఇంజనీరు. వంతెన పూర్తవగానే ఆయన్ని ఇంకో ఊరికి బదిలీ చేస్తారు. పదకొండేళ్ళలో ఇది ఎనిమిదో ఊరు. "తొమ్మిదింటికి తెల్ల కారు వస్తుంది, అద్దె ఇళ్ళు చూపిస్తారు" అని కొత్త ఆఫీసువాళ్ళు చెప్పారు. ఆ కారు కూడా వచ్చింది, అయిదు నిమిషాల తర్వాత. అందులోంచి దిగిన ఇళ్ళ బ్రోకరు, గేటు దగ్గర నిలబడ్డ టోపీల దంపతులను సగౌరవంగా ఎక్కించుకుని వెళ్ళిపోయాడు.

"ఇవాళ మీకు ఈ ఊళ్ళో మంచివి అయిదు చూపిస్తానండీ" అంది వాగుడుకాయ వెనక్కి తిరిగి.

"అయిదేనా? పోయిన ఊళ్ళో పంతొమ్మిది చూశాం" అంది ఇంజనీరు భార్య. "సరే, మంచివైతే అయిదు చాలు. నీళ్ళుండాలి, అది ముఖ్యం."

"నీళ్ళకేం లోటు లేదండీ. డిక్కీలో పన్నెండు సీసాలున్నాయి."

ఆవిడ భర్తవైపు చూసింది. ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. ఏడు బదిలీల్లో ఆయన నేర్చుకున్న విద్య అదొక్కటే.

మొదట గడియార స్తంభం. వాగుడుకాయ గొంతు సవరించుకుంది. "దీని ఎత్తు నూటపదహారు అడుగులు. మెట్లు నూటనలభై నాలుగు."

"లిఫ్టు లేదా?"

"కట్టి నూటయాభై ఏళ్ళయిందండీ."

"అంటే లేదనేగా."

ముగ్గురూ రొప్పుతూ పైకి చేరారు. "గడియారానికి కీ ఇచ్చే మనిషి కుటుంబంతో సహా ఈ గదిలోనే ఉండేవాడట. ఇరవై ఏళ్ళుగా ఖాళీగానే ఉంది" అని చెప్పింది వాగుడుకాయ.

"విన్నారా?" అంది ఆవిడ భర్తతో. "ఇరవై ఏళ్ళుగా ఎవరూ చేరలేదంటే ఇందులో ఏదో ఉంది."

సరిగ్గా అప్పుడే పదైంది. నెత్తిమీది గంట పదిసార్లు మోగింది. పావురాలు లేచిపోయాయి. ఇంజనీరు రెండు చెవులూ మూసుకుని, గంట ఆగాక మెల్లగా చేతులు తీశాడు.

"ఏముందో తెలిసింది" అన్నాడు.

"ఇది వద్దమ్మాయ్, ఇంకోటి చూపించు. గోడలన్నీ గుండ్రంగా ఉన్నాయి, బీరువా ఎక్కడ పెడతాం?" అంది ఆవిడ.

గడియార స్తంభాన్ని వద్దన్నవాళ్ళను వాగుడుకాయ అంతవరకూ చూడలేదు. కారు దగ్గరికొచ్చి నలభై పేజీలూ తిరగేసింది. బీరువా ప్రస్తావన ఎక్కడా లేదు. డ్రైవరు చెవిలో, "బాబాయ్, వీళ్ళ మాటలేమిటో నాకేం అంతుపట్టట్లేదు" అంది.

డ్రైవరుకు ఆ వీధుల్లో ముప్ఫై ఏళ్ళ అనుభవం. "బాగా ఉన్నవాళ్ళమ్మా. కంటికి నచ్చిందల్లా కొనేసే రకం. నువ్వు జడవకు, రాజభవనానికి పోనిస్తా."

వెనక సీట్లో ఆవిడ తన అనుభవమంతా రంగరించి భర్తకు చెబుతోంది. "ఈ బ్రోకర్ల తీరే అంత. ముందు పనికిరానిది చూపిస్తారు, తర్వాత కళ్ళు తిరిగేది చూపిస్తారు. అసలుది చివర్లో బయటపెడతారు."

రాజభవనం ముందు కారు ఆగినప్పుడు కళ్ళు తిరిగిన మాట నిజమే. ఇంజనీరు తలెత్తి చూసి, "ఇది మనకి కాదేమోనే" అన్నాడు.

"ఎందుక్కాదు? నాలుగో ఊళ్ళో పాత కోర్టుని వాటాలు చేసి ఆఫీసర్లకి ఇవ్వలేదూ? సాక్షుల బోనులో ఏడాదిన్నర మన బియ్యం డబ్బా పెట్టుకోలేదూ?"

అది కాదనడానికి లేదు. ఆయన కారు దిగాడు.

"ఈ భవనంలో డెబ్భై రెండు గదులండీ" అని మొదలుపెట్టింది వాగుడుకాయ. "మొత్తం మూడు భాగాలు. తూర్పు భాగం మాత్రం మూసేశారు."

"మూసేశారంటే ఖాళీయేగా" అంటూ ఆవిడ సంచీలోంచి కొలిచే టేపు తీసింది.

తర్వాత జరిగినవన్నీ కాపలావాడి కళ్ళెదుటే జరిగాయి. ఆవిడ దర్బారు హాలు గుమ్మం కొలిచి చిన్న పుస్తకంలో రాసుకుంది. గోడను వేలి కణుపులతో కొట్టి చెవి పెట్టి విన్నది. ఆరడుగుల తైలవర్ణ చిత్రంలో ఒక మహారాజు గుర్రం మీద ఉంటే, ఆ చట్రం అంచును గుర్రంతో సహా పైకెత్తి వెనక్కి తొంగిచూసింది. కాపలావాడు ఈల ఊదాడు. ఈల విని మ్యూజియం అధికారి పరుగెత్తుకొచ్చాడు.

ఆ అధికారి పది రోజులుగా సరిగ్గా నిద్రపోవడం లేదు. పై ఆఫీసు నుంచి తనిఖీకి ఎవరో మామూలు సందర్శకుల్లా వస్తారని కబురు. ఇప్పుడు చూస్తే చేతిలో టేపు, పుస్తకం, ముఖంలో అసంతృప్తి. ఆయనకు చెమటలు పట్టాయి.

"ఈ గోడంతా చెమ్మ. ఇక్కడ ఓనరెవరు?" అని అడిగింది ఆవిడ.

"ప్రభుత్వమే మేడమ్."

"అదీ సంగతి. వానాకాలంలో కారుతుందా?"

"కారదు మేడమ్... కొంచెం కారుతుంది మేడమ్... మూడేళ్ళ కిందటే ఫైలు పెట్టాను మేడమ్."

"నీళ్ళు ఎన్నింటికొస్తాయి?"

"ఎక్కణ్ణించి మేడమ్? పైకప్పులోంచా?"

"మీరిలా తికమకగా చెప్తే ఎలాగండీ? ముందు ఆ తూర్పు వాటా తెరవండి, చూస్తాం."

అధికారి స్వయంగా తాళాలు తెచ్చాడు. వాగుడుకాయ నోరు తెరుచుకుని వెంట నడిచింది. తూర్పు భాగం తెరవడమనేది నలభై పేజీల్లో లేదు, పాత గైడు కలలో కూడా లేదు. లోపల రంగుటద్దాల పైకప్పు. దానిలోంచి ఎండ నీలంగా, ఆకుపచ్చగా నేలమీద పడుతోంది. పొడుగాటి వరండా, దాని కింద తోట. ఎక్కడో ఒక పిట్ట అరుస్తోంది. అంతసేపూ గుక్క తిప్పుకోని ఆవిడ అక్కడ మాట లేకుండా నిలబడిపోయింది. తర్వాత గుమ్మం కొలిచి, "బీరువా పడుతుందండీ" అంది భర్తతో, గొంతు తగ్గించి.

ఆ పైన అధికారివైపు తిరిగింది. "మాకు రెండేళ్ళపాటు కావాలి. ఎప్పుడు చేరొచ్చు?"

"చేరడమేమిటి మేడమ్?"

"చేరడమంటే కాపురానికి."

అధికారి వాగుడుకాయను చూశాడు, వాగుడుకాయ ఇంజనీరును చూసింది. ఆయన చూడటానికి అక్కడ కిటికీ ఉంది. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది.

"ఒసేయ్, ఎక్కడున్నావే?" మేనమామ కేకకు వరండా ప్రతిధ్వనించింది.

"రాజభవనంలో మావయ్యా! తూర్పు భాగం కూడా తెరిపించా!"

"ఎవరికే?"

"మనవాళ్ళకే."

"మనవాళ్ళు ఇప్పుడే నాకు ఫోన్ చేశారు! వాళ్ళనెవడో మూడో అంతస్తు ఫ్లాటుకి తీసుకెళ్ళి, బోరు నీళ్ళు అమృతం, తాగి చూడండి అంటున్నాడట. అసలు నీ కార్లో ఉన్నదెవరు?"

వాగుడుకాయ ఫోను దించింది. "మీరు... ఊరు చూడ్డానికే కదండీ వచ్చారు?"

"ఊరేంటి? ఇల్లు చూడ్డానికి."

"అయితే మీరు పై ఆఫీసు నుంచి కాదా?" అన్నాడు అధికారి. ఆ గొంతులో కోపం కంటే ఊరటే ఎక్కువ వినిపించింది.

వాగుడుకాయకు కళ్ళనీళ్ళు తిరిగాయి. "తప్పు నాదేనండీ. ఇవాళే నా మొదటి రోజు. అడగాల్సిన ఒక్క మాట అడక్కుండా, మిగతావన్నీ వాగాను. మీకు సగం రోజు దండగైంది. పదండి, హోటల్లో దింపేస్తాను."

ఆవిడ టేపు చుట్టి సంచీలో వేసుకుంది. మళ్ళీ తలెత్తి ఆ రంగుటద్దాలు చూసింది.

"ఏడు ఊళ్ళు తిరిగానమ్మా. ఏ ఊళ్ళో ఏ ఇంటి పంపు కారుతుందో నిద్రలో అడిగినా చెప్తాను. ఆ ఊళ్ళో ఇంకేముందో చెప్పమంటే మాత్రం తెల్లమొహం వేస్తాను. ఇల్లు వెతకడం, సర్దడం, మళ్ళీ మూటలు కట్టడం. ఇన్నేళ్ళలో ఒక్కరోజు కూడా ఊరు చూడలేదు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "అయిదన్నావు. ఇంకా మూడున్నాయి కదా?"

"ఉన్నాయండీ."

"అయితే చూపించు. ఇల్లెక్కడికీ పారిపోదు." గుమ్మం దాటబోతూ అధికారితో, "ఆ గుర్రం బొమ్మను మాత్రం ఇవాళే ఆ గోడ మీంచి దింపించండి. ఇంకో వాన పడితే గుర్రం ఈదాల్సిందే" అంది. ఆవిడ ఎవరో ఏమిటో పూర్తిగా తెలిసిపోయినా, "అలాగే మేడమ్" అనకుండా ఉండడం అధికారి వల్ల కాలేదు. అన్నట్టే ఆ సాయంత్రంలోగా బొమ్మ దిగింది. వెనక గోడ చేతికి ఊడొచ్చేలా ఉండడం చూసి, మూడేళ్ళ ఫైలుకు మూడు రోజుల్లో కదలిక వచ్చింది.

మూడోది పాత వంతెన. వాగుడుకాయ కాగితాల్లో దానికి నాలుగే నాలుగు వాక్యాలున్నాయి. రెండో వాక్యం దగ్గరే ఇంజనీరు కారు దిగి, గట్టు కిందికి వెళ్ళి, ఒక రాతి స్తంభం మీద చెయ్యి వేశాడు. "దీన్ని కట్టినవాడు నదిని మూడు వానాకాలాలు కూర్చుని చూసుంటాడు. లేకపోతే ఈ స్తంభం ఇక్కడ పెట్టడు" అన్నాడు. అక్కణ్ణించి అరగంట ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. నీళ్ళు రాయిని ఎలా తోస్తాయో, రాయి ఎలా సర్దుకుంటుందో చెప్పాడు. వాగుడుకాయ పుట్టి బుద్ధెరిగాక అరగంటపాటు నోరు మెదపకుండా విన్నది అదే మొదటిసారి. భార్య కూడా విన్నది. "పదకొండేళ్ళలో మీరింత మాట్లాడడం ఇదే మొదలండీ" అంది ఆశ్చర్యంగా.

"ఇంట్లో వంతెన లేదుగా" అన్నాడాయన.

పాత పుస్తకాల వీధి, సరస్సు చూసేసరికి నాలుగైంది. తిరుగుదారిలో డ్రైవరు అద్దంలోంచి వెనక్కి చూసి, దగ్గి, మొహమాటంగా అన్నాడు. "రాజభవనాలు చూసొచ్చారు, చెప్పడానికి నోరు రావడంలేదు గానీ... మా పై వాటా మూడు నెలల్నుంచి ఖాళీగా ఉందండి. రెండు పూటలా నీళ్ళొస్తాయి. కిటికీ తీస్తే సరస్సులో ఓ మూల కనిపిస్తుంది. అరచెయ్యంత."

"మరి పొద్దున్నించీ చెప్పలేదేం?"

"మీరు ఊళ్ళు కొనేవాళ్ళేమో అనుకున్నానండి."

అప్పటికప్పుడే వెళ్ళి చూశారు. డ్రైవరు భార్య గబగబా ముగ్గుర్నీ కూర్చోబెట్టి టీ ఇచ్చింది. ఇంజనీరు భార్య గోడ కొట్టి చూసింది, పంపు తిప్పింది, గుమ్మం కొలిచింది. చివర్న కిటికీ దగ్గర నిలబడి అరచెయ్యంత సరస్సును చాలాసేపు చూసి, "ఏవండీ, సామాను ఇక్కడికే తెప్పించండి" అంది.

అయిదింటికి హోటలు గేటు దగ్గర కారు ఆగింది. మేనమామ అక్కడే అటూ ఇటూ పచార్లు చేస్తున్నాడు. పక్కనే ముఖం మాడ్చుకుని బ్రోకరు. వాగుడుకాయ తలొంచుకుని దిగింది.

"వచ్చావా తల్లీ! రేపట్నించి ఫోన్ల దగ్గర..." అని మేనమామ అందుకునేంతలో హోటల్లోంచి టోపీల దంపతులు గబగబా వచ్చారు. తిట్లు తినడానికి ఆయన సిద్ధపడ్డాడు.

"ఎన్ని దేశాలు తిరిగామండీ! ఎక్కడికెళ్ళినా కోటలే, గోడలే" అన్నాడు టోపీ ఆయన. "ఇవాళే మొదటిసారి మనుషుల ఇళ్ళల్లోకి తీసుకెళ్ళారు. మొదట అర్థంకాక మీకు ఫోన్ చేశాం గానీ, తర్వాత భలే నచ్చింది."

"ఒకింట్లో అత్తాకోడళ్ళు మమ్మల్నే తీర్పు చెప్పమన్నారు!" అంది ఆయన భార్య మెరిసే కళ్ళతో. "రేపు కూడా ఈయన్నే పంపండి."

"నాలుగిళ్ళు చూపించాను. నాలుగిళ్ళల్లోనూ ఫొటోలు దిగారు, ఒక్కింట్లోనూ దిగలేదు" అని బ్రోకరు వాపోయాడు.

ఇంజనీరు మేనమామ దగ్గరికొచ్చాడు. "మా ఆఫీసులో కొత్తగా బదిలీ మీద వచ్చినవాళ్ళు పదిమందున్నారండి. ఇళ్ళు దొరికాయి గానీ ఊరింకా తెలీదు. ఆదివారం ఈ అమ్మాయినే పంపాలి. వేరేవాళ్ళొద్దు."

మేనమామ వ్యాపారస్తుడు. తెరిచిన నోటిని మూయకుండానే మాట మార్చేశాడు. "రేపట్నించి ఫోన్ల దగ్గర వేరేవాళ్ళని చూసుకోవాలి మరి. నువ్వు కార్లో ఉంటావు కదా!"

మర్నాడు టోపీల దంపతులకు రాజభవనం చూపించింది బ్రోకరే. ఓనర్లు చాలా పెద్ద కుటుంబంవాళ్ళని, ప్రస్తుతం ఊళ్ళో ఉండటం లేదని, కాబట్టి రాత్రి ఎన్నింటికొచ్చినా ఎందుకింత ఆలస్యమని అడిగేవాళ్ళుండరని చెప్పాడట.