నాగేంద్రకి పదిహేను గాలులు

ఆ శుక్రవారం రామాయమ్మ అనుకున్న పని ఒక్కటే: ఎండ ముదరకముందే మేడ మీద గుమ్మడి వడియాలు పెట్టేయాలి. రుబ్బిన పిండిగిన్నె చంకన పెట్టుకుని, పాత చీర భుజాన వేసుకుని, అయిదున్నరకల్లా మెట్లెక్కింది. ఆఖరి మెట్టు మీద ఆగిపోయింది.

పిట్టగోడ దగ్గర కొడుకు నాగేంద్ర నిలబడి ఉన్నాడు. జీడిపప్పు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఎనిమిదైతే గాని మంచం దిగని మనిషి. అలాంటివాడు కళ్ళు మూసుకుని, కుడిచెయ్యి ఆకాశంలోకి చాపి ఉన్నాడు. ఆ చేతిలో ఏదో నల్లటి వస్తువు, దాని నెత్తిన ఒక బుల్లి చక్రం. ఎడమచేత్తో ఫోను చెవికి ఆనించి గుసగుసగా మాట్లాడుతున్నాడు.

"ఇప్పుడైతే గాలి లేదురా. నిన్న సాయంత్రం పట్టినట్టే పట్టి వదిలీసింది. ఆదివారం మాత్రం గ్యారంటీ. దక్షిణం నుంచి వస్తాది. పదిహేను... బయమేటి? పదిహేనొస్తే పండగే! పుష్పని ఒక్క ఊపులో లాక్కుపోతాది... మా అమ్మకి తెలీదురా. తెలిస్తే ఇంకేటన్నా ఉందా? సరే, రెండుకల్లా రేవుపోలవరం."

రామాయమ్మ వచ్చిన దారినే చప్పుడు కాకుండా దిగిపోయింది. చంకలో గిన్నె ఒరిగిపోయిన సంగతి ఆవిడకి కింద మెట్టు దాకా తెలియలేదు. ఆవేళ వడియాల పిండంతా మెట్ల మీదే ఎండింది.

రామాయమ్మ పుట్టిపెరిగిన ఊళ్ళో గాలి అంటే మనిషికి పట్టేది, పట్టాక వేపమండలతో కొడితే గాని వదలనిది. ఫ్యానుకి, కిటికీకి వచ్చేదాన్ని కూడా గాలి అంటారని ఆవిడకి తెలుసు గాని, దాని గురించి ఎవరూ ఫోన్లో గుసగుసలాడరు కదా! పైగా వాడికి అయిదేళ్ళప్పుడు ఒక సిద్ధాంతి జలగండం ఉందని చెప్పాడు. అప్పట్నుంచి వాణ్ణి కాలవ గట్టు కూడా ఎక్కనివ్వలేదావిడ. ఇప్పుడేమో దక్షిణం నుంచి పదిహేను గాలులొచ్చి, కొడుకునీ కోడలినీ కలిపి రేవుపోలవరం సముద్రానికి తీసుకుపోతున్నాయి.

వెంటనే పక్కింటి దేవుడమ్మ దగ్గరికి పరిగెత్తింది.

"పదిహేనా!" దేవుడమ్మ చేతిలో చేట వదిలేసింది. "వదినా, సరిగ్గా ఇన్నావా? పదిహేనన్నాడా, ఒకటీ అయిదూ అన్నాడా?"

"పదిహేనే. వస్తే పండగంటన్నాడు."

"ఓలమ్మో! అలగంటన్నాడంటే ముదిరిపోనాది. మరి కోడలి ఒంటి మీద దెబ్బలేటైనా ఉన్నాయా?"

సరిగ్గా అప్పుడే కోడలు పుష్పవతి మందుల షాపులో పొద్దుటి డ్యూటీకని గుమ్మం దిగుతోంది. నెమ్మదస్తురాలు, అత్తగారి ఎదుట గొంతు పెంచి ఎరగదు. మోచేతి మీద నల్లగా కమిలిన మచ్చ. అరచేతుల్లో తోలు లేచిపోయింది.

"ఏటమ్మా అది?" అంది దేవుడమ్మ.

"బాత్రూంలో జారిపడ్డానండీ," అని పుష్పవతి స్కూటీ ఎక్కి వెళ్ళిపోయింది.

రామాయమ్మ వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. కోడలు ఆ బాత్రూంలో పడటం ఇది నాలుగోసారి. ఎప్పుడు పడినా ఆదివారమే పడుతోంది.

కొడుకు ఫ్యాక్టరీలో ఎలా ఉంటున్నాడో కనుక్కుందామని యజమాని బుజ్జిబాబుకి ఫోను చేసింది. అతను చాలాసేపు నసిగాడు. "సెప్పకూడదనుకున్నానండి. మొన్న మజ్జానం ఏలు నోట్లో పెట్టుకుని తడిపి, కిటికీలోంచి బయటికి పెట్టి, 'అబ్బ, వచ్చీసింది' అన్నాడండి. నాను జీడిపిక్కల లారీ అనుకున్నాను."

"లారీ కాదు బాబూ," అని రామాయమ్మ ఉన్న సంగతి చెప్పేసింది.

అవతల ఫోను టక్కున పెట్టేసిన చప్పుడు. మరో పది నిమిషాలకి నాగేంద్ర అడక్కుండానే అతనికి పదిహేను రోజుల సెలవు మంజూరైంది, ఒక్కో గాలికి ఒక్కో రోజు చొప్పున. బుజ్జిబాబు ఆ కాగితం కూడా చేతికివ్వకుండా బల్ల మీద పెట్టి, దూరంగా జరిగి నిలబడ్డాడట. నాగేంద్ర ముందు బిత్తరపోయాడు, తరవాత ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాడు. ఆ ఈల విని రామాయమ్మ దేవుడి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

శనివారం పొద్దున్న ఎస్. రాయవరం నుంచి దేవుడమ్మ మరిది తాతబ్బాయి బస్సు దిగాడు. గాలులు వదిలించడంలో ఆ చుట్టుపక్కల అతనికి పెద్ద పేరు. దేవుడమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని, బీడీ ముట్టించి, డాక్టరు నాడి చూసినంత తీరుబడిగా ప్రశ్నలు మొదలెట్టాడు.

"ఎటునుంచి వస్తాదంటన్నాడు?"

"దక్షిణం."

"ఊఁ. ఎన్ని?"

"పదిహేను."

బీడీ జారి లుంగీ మీద పడింది. తాతబ్బాయి లేచి లుంగీ దులుపుకున్నాడు.

"అమ్మగారూ, ఉన్నమాట సెప్పేస్తన్నాను. నా సర్వీసులో ఒక మనిషికి రెండే ఎక్కువ. ఒకపాలి మూడొచ్చాయి గానండి, ఆ మూడోది నన్నే తరిమింది. పదిహేనంటే ఒక్కడి వల్ల కాదు."

అందుకని పై వీధిలో ఉన్న జ్ఞానానందం మాస్టారిని పిలిచారు. మిషన్ స్కూల్లో హెడ్మాస్టరు చేసి రిటైరైన మనిషి, చర్చిలో పెద్ద. నాగేంద్ర స్నేహితుడు బెన్హర్ ఆయన కొడుకే. మాస్టారు అంతా విని, కళ్ళజోడు తుడుచుకున్నారు. "అమ్మా, నేను ఇలాంటివి నమ్మను. ఒకటో రెండో అంటే రాను కూడా రాను. కాని పదిహేనంటున్నారు కాబట్టి ప్రార్థన చేయడంలో తప్పు లేదు. నా వ్యానుంది, వెళదాం. మా బెన్హర్ ఉంటే సాయంగా తీసుకొద్దును గాని, ఆదివారం ఆరాధన అవగానే వాడు పల్లెల్లో సువార్త చెప్పడానికి వెళ్ళిపోతాడు."

ఆదివారం మధ్యాహ్నం భోజనాలు కాగానే నాగేంద్ర, పుష్పవతి యలమంచిలిలో పిన్నిగారింటికని చెప్పి స్కూటీ మీద బయల్దేరారు. ఆ వెనకే వ్యాను కదిలింది. ముందు సీట్లో మాస్టారు, బైబిలు. వెనక సీట్లో రామాయమ్మ, దేవుడమ్మ, ఇద్దరి మధ్య తాతబ్బాయి, అతని ఒళ్ళో రెండు మోపుల వేపమండలు. స్కూటీ యలమంచిలి వైపు తిరగలేదు. అడ్డరోడ్డు దాటి, ఎస్. రాయవరం మీదుగా తిన్నగా సముద్రం దారి పట్టింది. రామాయమ్మ తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కేసి, మాస్టారి దేవుడికి కూడా ఒక మొక్కు మొక్కుకుంది.

ఇసకలో టైరు దిగబడి అరగంట వెనకపడ్డ వ్యాను రేవుపోలవరం ఒడ్డున ఆగేసరికి నాగేంద్ర ఒక్కడే ఇసకలో నిలబడి ఉన్నాడు. అదే చెయ్యి ఆకాశంలో, అదే నల్ల వస్తువు, ఈసారి చక్రం పిచ్చెత్తినట్టు తిరుగుతోంది. "వచ్చీసింది! పదిహేను! పదిహేనొచ్చీసింది!" అని గంతులేస్తున్నాడు.

రామాయమ్మ కెవ్వుమంది. తాతబ్బాయి ఇంక ఆలోచించలేదు. వెనకనుంచి వెళ్ళి వీపు మీద వేపమండలతో ఒక్కటిచ్చాడు.

"ఎవర్రా నువ్వు? పేరు సెప్పు!"

"అమ్మో! నాగేంద్ర!"

"అది ఈడి పేరు. నీ పేరు సెప్పు!"

"నా పేరే నాగేంద్రరా బాబూ!"

"మిగతా పద్నాలుగుమందీ ఎక్కడ?"

"పద్నాలుగుమందేటి? మా గ్రూపులో ఉన్నదే పదకొండుమంది!"

"సూశారా మాస్టారూ!" తాతబ్బాయి వెనక్కి తిరిగి అరిచాడు. "నలుగురు దాక్కున్నారు!"

రామాయమ్మ వచ్చి ఇద్దరి మధ్యా పడింది. "ఒరే, ఆపండి! నాగీ, పుష్పేదిరా? కోడలేదిరా?"

నాగేంద్ర వీపు రుద్దుకుంటూ సముద్రం వైపు చూపించాడు.

నీళ్ళ మీద ఆరేడు రంగుల తెరచాపలు దూసుకుపోతున్నాయి. ఒక్కో తెరచాప కింద ఒక సన్నటి పలక, పలక మీద ఒక మనిషి. అన్నిటికన్నా ముందు ఎర్ర తెరచాప ఉంది. దాన్ని రెండు చేతులా పట్టుకుని, వెనక్కి వాలి, వీపు అలలకి తగులుతుందా అన్నట్టు పోతున్న మనిషి పుష్పవతి.

రామాయమ్మ ఉన్నచోటే చతికిలపడింది. పొద్దున్న ఉప్మాలో ఉప్పు చాలిందా అత్తమ్మా అని తలొంచుకుని అడిగిన పిల్ల, అదిగో, సముద్రం మీద నిలబడి ఉంది.

"గాలి అంటే ఇదమ్మా, ఈదురు గాలి!" నాగేంద్ర ఆ నల్ల వస్తువు చూపించాడు. "ఇది గాలి మీటరు. పదిహేనంటే దాని స్పీడు. రోజూ తెల్లారగట్ల నీకు తెలీకుండా కొలిచి, సెల్లులో లెక్కలు సూసి, ఎప్పుడెంత ఉంటాదో అందరికీ నేనే సెప్తాను. నేను తప్పు సెప్తే పదకొండుమందీ ఊరికే వచ్చిపోవాలి."

"మరి నువ్వూ... ఆ పలక..."

"జలగండం అన్నావు కదమ్మా. మోకాలు దాటి ఎప్పుడూ దిగలేదు."

ఈ సంభాషణ తాతబ్బాయి చెవిన పడలేదు. అతను చూస్తున్నది ఒక్కటే, ఆడమనిషిని పట్టపగలు నీళ్ళ మీద ఏదో లాక్కుపోతోంది. "పదిహేనూ ఆ తల్లినే పట్టుకున్నాయి!" అని అరిచి, వేపమండలెత్తి, సముద్రంలోకి ఉరికాడు. మొదటి అలని కొట్టాడు. రెండోదాన్ని కూడా కొట్టాడు. మూడో అల అతన్ని ఎత్తి లోపలికి తీసుకుపోయింది.

"ఈత రాదు! మా మరిదికి ఈత రాదు!" దేవుడమ్మ గుండెలు బాదుకుంది. మాస్టారు మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన మొదలెట్టారు. నాగేంద్ర పరిగెత్తి, మోకాలి లోతులో టక్కున ఆగిపోయి, "పుష్పా! ఎడం పక్క! ఎడం పక్క!" అని గొంతు చించుకున్నాడు.

ఎర్ర తెరచాప ఒక్కసారి ఒరిగింది, గిర్రున మళ్ళింది. పుష్పవతి తెరచాపని నీళ్ళలోకి వదిలేసి, పలక మీద బోర్లా పడుకుని, మునుగుతున్న తాతబ్బాయి చొక్కా కాలరు పట్టుకుంది. ఇంకో నీలం తెరచాప వచ్చి రెండో వైపు ఆసరా ఇచ్చింది. ఒడ్డుకి చేర్చేసరికి అతను పలకని కావలించుకుని ఉన్నాడు. వేపమండలు మాత్రం వదల్లేదు.

నీలం తెరచాప మనిషి పొట్టి నిక్కరుతో నీళ్ళోడుతూ ఇసకలోకొచ్చి, ఎదురుగా ఉన్నదెవరో చూసి రాయైపోయాడు.

"బెన్హర్," అన్నారు మాస్టారు మోకాళ్ళ మీంచే. "పల్లెల్లో సువార్త చెబుతున్నావనుకున్నాను."

"చెబుతాను నాన్నగారూ," అన్నాడు బెన్హర్ తలొంచుకుని. "గాలి లేని రోజుల్లో."

రామాయమ్మ లేచి కోడలి దగ్గరికి నడిచింది. పుష్పవతి జుట్టులోంచి ఉప్పునీళ్ళు కారుతున్నాయి. సముద్రంలో వణకని పిల్ల, ఇప్పుడు వణుకుతోంది.

"నీళ్ళంటే బయం లేదేటే నీకు?"

"నీళ్ళంటే లేదత్తమ్మా. మీకు సెప్పడమంటేనే."

రామాయమ్మ ఆ అరచేతులు తిప్పి, తోలు లేచిన చోట వేలితో తడిమింది. తరవాత కొంగుతో కోడలి మొహం తుడిచి, సముద్రం వైపు గడ్డం ఎత్తింది.

"బేగి ఇంకోపాలి ఎల్లిరా. ఇందాక ఏడుపులో సరిగ్గా సూళ్ళేదు."

సోమవారం పొద్దున్నే ఫ్యాక్టరీ నుంచి బుజ్జిబాబు ఫోను చేశాడు. గొంతు బాగా తగ్గించి, "మరి గాలులు వదిలాయాండి?" అని అడిగాడు.

"లేదు బాబూ," అంది రామాయమ్మ హుషారుగా. "వచ్చే వారం పద్దెనిమిది దాకా వస్తాయట."

బుజ్జిబాబు అప్పటికప్పుడే నాగేంద్ర సెలవు మరో మూడు రోజులు పొడిగించాడు.