పుట్టని మారెక్కకు శుక్లాలు

కుందుర్పి చుట్టుపక్కల ముసలితనం మాయమైంది! మందులతో కాదు, యోగాతో అసలే కాదు. ఒక్క సాఫ్ట్‌వేర్‌తో! ఇంత మేలు జరిగినా మారెక్క సంతోషించలేదు. ఈ లోకంలో కృతజ్ఞత ఎక్కడుంది చెప్పండి?

మారెక్క 1952లో పుట్టింది. కూలి మనిషి. రెండు కళ్ళలోనూ శుక్లాలు. మొన్న కలుపు తీయబోయి గడ్డి వదిలేసి శనక్కాయ మొక్కలు పీకింది. చేను ఆసామి ఇక రావద్దన్నాడు. అరవై దాటినవారికి ఏదో సంస్థ శిబిరం పెట్టి ఉచితంగా కంటి ఆపరేషన్లు చేస్తోందని విని, పొద్దున్నే వెళ్ళి వరసలో నిలబడింది.

కంప్యూటర్ దగ్గరున్న ఓబిలేష్ ఆమె పుట్టిన తేదీ కొట్టి, తెర చూసి నోరు తెరిచాడు.

"అవ్వా, నువ్వు పుట్టేది 2088లో! ఇంగా పుట్టనే లేదు."

"పుట్టకుండానే మూడు కాన్పులు అయినాయా నాకు?"

"నేనేం చేసేదవ్వా? సిస్టం ఒప్పుకోలేదు."

డెబ్బై దాటిన మనిషిని పుట్టుకకు అవతల నిలబెట్టడమంటే మాటలా? ఏ ఫేస్‌క్రీమ్‌కు చేతనవుతుంది ఈ పని!

కంప్యూటర్లు చూసుకునే కృపాకుమారి వచ్చి విడమరిచి చెప్పింది. "ఇది 1970 జనవరి ఒకటి నుంచి సెకన్లు లెక్కపెడతాదవ్వా. అంతకు ముందు పుట్టినోళ్ళకు మైనస్ అంకె పడాల. దీన్ని రాసినోళ్ళు మైనస్ పట్టని గడి పెట్టినారు. నీ అంకె మీటరు మాదిరి గిర్రున తిరిగి ముందుకు పోయి పడింది."

ఈ సంగతి ఆమె పైవారికి రెండుసార్లు రాసింది. ఇబ్బంది పడిన వృద్ధుల వివరాలు అదే సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించి పంపమని జవాబొచ్చింది. ఎంత పద్ధతైన మనుషులు!

"మైనస్సో గియినస్సో, నాకు కండ్లు కనపడాల," అంటూ మారెక్క డాక్టరు గది గడపలో కూర్చుంది. లెమ్మన్నా లేవలేదు. చివరికి డాక్టర్ హేమ బయటికొచ్చి, కళ్ళలోకి టార్చి వేసి చూసి, కాగితం మీద పెన్నుతో 'వయసు 73' అని రాసి లోపలికి తీసుకుపోయింది.

నెల తిరిగేసరికి మారెక్క మళ్ళీ కలుపుకు పోయింది. గడ్డి ఏదో, మొక్క ఏదో ఆకు ఆకుగా కనబడుతుంటే ఆ రోజంతా తనలో తనే నవ్వుకుంది.

మరుసటి ఏడు, చూపు మందగించిన పక్కింటి రామక్కను చెయ్యి పట్టి అక్కడికే తీసుకొచ్చింది. తలుపుకు తాళం. బయట ఓబిలేష్ ఒక్కడే ఉన్నాడు.

"శిబిరం ఎత్తేసినారవ్వా. పోయినసారి అరవై దాటినోళ్ళు సున్నా అని కంప్యూటర్ రిపోర్టు పోయింది. ఈడ ముసలోళ్ళే లేరంట!"

రామక్కకు చెవులూ అంతంతమాత్రమే.

"ఏమంటాండాడే?"

మారెక్క ఆమెను మెల్లగా వెనక్కి తిప్పింది.

"పుట్టినాక రమ్మంటాండాడు."