దొరగారు వేయబోయిన ముడి

ఆ గురువారం పొద్దున పోతయ్య అనుకున్న పని చిన్నదే. తోట ఓవర్సీరు, బార్లో అనే దొరకి టీ ఇచ్చి, ఆయన గుర్రమెక్కి లంబాసా పట్నం వెళ్ళగానే వంట ముగించి, సాయంత్రం దాకా ఓ కునుకు తీయాలి. వాయినికోరో దారిలోని ఆ చెరకు తోటకి ఐదేళ్ళ గిర్మిట్ ఒప్పందం మీద సముద్రం దాటి వచ్చిన కూలీల్లో ఇంత సుఖమైన పని ఇంకెవరికీ లేదు. విశాఖపట్నంలో ఓ రేవు గుమస్తా ఇంట్లో వంట చేస్తూ నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్చుకున్నందుకు దక్కిన భాగ్యం అది. కూలీలుండే లైను గదుల్లో అందరూ అతన్ని ‘ఇంగ్లీషు పోతయ్య’ అనేవారు. వద్దని అతనెప్పుడూ అనలేదు.

టీ పట్టుకుని వెళ్తే, దొర మొహం నిండా సబ్బు నురగతో అద్దంతో మాట్లాడుతున్నాడు.

“ఐ హావ్ లాస్ట్ మై హార్ట్,” అన్నాడు దీనంగా.

పోతయ్య గుమ్మంలో ఆగిపోయాడు. హార్ట్ అంటే గుండె. లాస్ట్ అంటే పోయింది. దొరకి గుండె పోయింది!

“ఐ ఫెల్ హెడ్ ఓవర్ హీల్స్.”

తల, మడమలు, పడటం. అంటే తలకిందులుగా పడ్డాడు. గుర్రం మీంచే అయ్యుంటుంది.

దొర గొంతు సవరించుకుని, కళ్ళు మూసుకుని, “ఐ వాంట్ టు టై ద నాట్,” అన్నాడు. ముడి వెయ్యాలనుందట. ఏం ముడి, దేనికి ముడి అని పోతయ్య ఇంకా ఆలోచిస్తుండగానే దొర వెనక్కి తిరిగి హిందీలో అడిగాడు.

“పోతయ్యా, ఇంట్లో గట్టి తాడు ఏదైనా ఉందా?”

టీ కప్పు నేల మీద పడి పగిలింది. పోతయ్య అప్పటికే ఎద్దుల కొట్టం వైపు పరిగెత్తుతున్నాడు.

కొట్టంలో కూలీల చేత పని చేయించే సర్దారు నరసింహ, ఎద్దులకి మేత వేసే కన్నమ్మ ఉన్నారు. “దొరకి గుండె జబ్బంట! తలకిందులుగా పడ్డాడంట! ఇప్పుడు ఉరేసుకుంటాడంట!” అన్నాడు పోతయ్య రొప్పుతూ.

“ఇదంతా ఒక్క పొద్దుటే?” అన్నాడు నరసింహ.

“ఇంగ్లీషులో తక్కువ మాటల్లో ఎక్కువ చెబుతారు సర్దారూ!”

ఎవరూ నవ్వలేదు. బార్లో దొరకి ముందున్న ఓవర్సీరు చేతిలో కొరడా ఉండేది. జ్వరంతో ఉన్న ఆడవాళ్ళని కూడా పొలానికి తోలేవాడు. వాడిప్పుడు పక్క తోటలోనే ఉన్నాడు. ఈ దొరకి ఏదైనా అయితే మళ్ళీ వాడే వస్తాడు. బార్లో దొర ఇంతవరకు ఎవరి మీదా చెయ్యెత్తలేదు.

“ఏటలా నిలబడిపోయారు?” అంది కన్నమ్మ. “ముందు తాళ్ళు దాచండి!”

బావి చేదతాడు విప్పారు. బండ్ల మోకులు విప్పారు. నులక మంచాలు అటకెక్కించారు. కన్నమ్మ తన చేత్తోనే పన్నెండు ఎద్దుల పలుపులూ ముక్కుతాళ్ళూ తీసేసింది. ఎద్దులు ఒకదాని మొహం ఒకటి చూసుకుని, నెమ్మదిగా నడుచుకుంటూ చెరకులోకి వెళ్ళిపోయాయి.

కాసేపటికి దొర ఇస్త్రీ కోటు తొడుక్కుని, కమలాపళ్ళ బుట్ట పట్టుకుని వచ్చాడు. జీనుకి బుట్ట కట్టుకోవాలి. “తాడేదీ?” అని అడిగాడు.

“తాడా దొరా?” అన్నాడు నరసింహ ఆశ్చర్యంగా. “ఈ తోటలో తాడనేదే లేదు.”

దొరకి పొద్దు మించిపోతోంది. విసుగొచ్చి, మెడలోని టై ఊడబెరికి దాంతోనే ఉచ్చు వేయబోయాడు. అంతే! ఆరుగురు కూలీలు ఒక్కసారిగా మీద పడ్డారు. ఎత్తుకెళ్ళి మంచం మీద పడుకోబెట్టి, ఇద్దరు కాళ్ళ మీద కూర్చున్నారు. కన్నమ్మ ఆయన నెత్తిన పసుపు పట్టు వేసింది. దొర ఇంగ్లీషులో ఏవేవో అరిచాడు. ఆ మాటలు మాత్రం పోతయ్యకి బాగా అర్థమయ్యాయి గానీ, ఎవరికీ చెప్పలేదు. ఈలోగా నరసింహ దొర గుర్రమే ఎక్కి డాక్టరు కోసం లంబాసా పరుగు తీయించాడు.

మధ్యాహ్నానికి బగ్గీ వచ్చింది. డాక్టరు కంటే ముందు లంబాసా ఆసుపత్రి నర్సు మిస్ ఎలిస్ దూకింది. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్ళు వాచిపోయాయి. గదిలోకి వెళ్తూనే దొర చెయ్యి పట్టుకుంది. దొర అరుపులు టక్కున ఆగిపోయాయి.

డాక్టరు పోతయ్యని పిలిచి, దొర అసలేమన్నాడని అడిగాడు. పోతయ్య చేతులు కట్టుకుని, పాఠం అప్పజెప్పినట్టు మూడు ముక్కలూ ఉన్నవున్నట్టు ఇంగ్లీషులోనే అప్పజెప్పాడు. మిస్ ఎలిస్ మొహం ఎర్రబడింది. దొర దిండు కింద తల దూర్చాడు. డాక్టరు గోడ పట్టుకుని నవ్వి నవ్వి, చివరికి వచ్చీరాని హిందీలో విడమరిచాడు. మొదటి మాటకి, ఓ పిల్లకి మనసిచ్చేశానని అర్థం. రెండోదానికి, ఒళ్ళు తెలియనంతగా ప్రేమించానని. మూడోదానికి, పెళ్ళి చేసుకుందామని.

“ముడి అంటే పెళ్ళా?” పోతయ్య నోరు తెరిచాడు.

“కాక మరేటి?” కన్నమ్మ మండిపడింది. “మూడు ముళ్ళంటే మనకి పెళ్ళి కాదూ? నీకు రానిది ఇంగ్లీషు అనుకున్నాను గానీ, తెలుగూ రాదన్నమాట!”

దొర దిండు కిందనుంచి తల బయటపెట్టి, పోతయ్యని రేపటినుంచి చెరకు నరకమన్నాడు. మిస్ ఎలిస్ అడ్డుపడింది. ఇతను లేకపోతే మీరింకో ఏడాది అద్దానికే చెప్పుకునేవారు, పెళ్ళికి నా జవాబు సరే, అంది. దొర చెరకు సంగతి మరిచిపోయాడు.

సాయంత్రం తోటంతా ఎద్దుల వేటలో పడింది. ఏడు దొరికాయి. ఎనిమిదోదాని కోసం పోతయ్యా కన్నమ్మా చెరకు వరసల మధ్య వెతుకుతున్నారు.

“పాపం, దొర ప్రాణం పోతుందని ఎంత కంగారుపడ్డావు!” అంది కన్నమ్మ, మెత్తగా. “నీ మనసు మంచిదిలే. నాకూ నా అన్నవాళ్ళెవరూ లేరు, నీకూ లేరు. ఒక పొయ్యి సరిపోయేదానికి రెండెందుకు చెప్పు?”

పోతయ్య తలూపి, రెండు రోజులు ఆలోచించి, ఆ మాటకి అర్థమేమిటని నరసింహని అడిగాడు.