నల్ల పెట్టె ఊపిరి

ఆదివారం పొద్దున్నే తేలిపోవాలని ఒప్పందం. లెక్కల మాస్టారింట్లో ముందు గదిలో రెండు డి.ఎ.సి. పెట్టెలున్నాయి. ఒకటి నలుపు, ఒకటి తెలుపు. కంప్యూటర్‌లోని అంకెలను పాటగా మార్చడమే వాటి పని. ఆ మాత్రానికే ఒక్కోటీ స్కూటరంత ధర! కళ్లకు గంతలు కట్టుకుని ఏ పెట్టె మోగుతోందో చెప్పగలిగితే గది మాస్టారిది. లేదంటే పెట్టెలు అమ్మేయాలి. వంటింటి మూల నలుగుతున్న భార్య కుట్టు మిషన్‌కు గది ఇచ్చేయాలి.

మాస్టారు కళ్లకు తువ్వాలు బిగించుకున్నారు. వైర్లు మార్చేది భార్య. తీర్పు చెప్పేది బావమరిది.

"ఆగవే! ఏదో గుయ్యిమంటోంది. ఫ్రిజ్ ఆపు."

ఆపింది.

"ఇంకా ఉంది. ఫ్యాను!"

అదీ ఆగింది. ముగ్గురికీ చెమటలు కారాయి.

"కింద నీళ్ల మోటారు! నా బుర్రలోనే తిరుగుతున్నట్టుంది."

"అదీ ఆపాలా బావా? పైవాళ్లు మనల్ని ఉతికి ఆరేస్తారు."

"నిజం తేలే వేళ నీళ్లేంట్రా? పో!"

బావమరిది కిందికెళ్లి మోటారు ఆపి వచ్చాడు. తొందరలో తలుపు వెయ్యలేదు. కాసేపటికి భవనంలోని కుళాయిలన్నీ బుస్సుమని మూగబోయాయి. మెట్ల మీద గోల మొదలైంది.

"మోటారు కాలిపోయిందట!"

"మోటారు కాదు, పైపే పగిలిందట. వారం దాకా నీళ్లు రావట!"

బకెట్లు దడదడలాడాయి. "ఏంటా చప్పుడు?" అని మాస్టారు అరిచారు. ఆ అరుపు విని జనం గుమ్మంలోకి వచ్చిపడ్డారు. తిట్టడానికి తెరిచిన నోళ్లు తువ్వాలు చూసి మూతపడ్డాయి.

"అయ్యో, మాస్టారికి కళ్లు పోయాయా?" అని ఒకావిడ గుసగుసలాడింది. పాపం, అందరూ నిశ్శబ్దమైపోయారు.

మాస్టారి ముఖం వెలిగింది. "ఇదీ నిశ్శబ్దమంటే! ఆహా... ఇదిగో, పల్లవికి ముందు గాయని ఊపిరి తీసుకుంటోంది. ఎంత నిండుగా ఉందో! తెల్ల పెట్టెకు చచ్చినా ఇది రాదు. నల్లదే!"

"నేనింకా పాటే పెట్టలేదండీ," అంది భార్య.

మాస్టారు తువ్వాలు లాగేశారు. చెవి పక్కనే పై అంతస్తు పెద్దాయన, ఒంటినిండా సబ్బు నురగతో, ఖాళీ బకెట్‌తో, మెట్లు దిగిన ఆయాసంతో వగరుస్తున్నాడు.

"అక్కా, గది నీదే," అన్నాడు బావమరిది.

సాయంత్రానికి ముందు గదిలో కుట్టు మిషన్ టకటకలాడింది. మాస్టారు గుమ్మంలో నిలబడి కాసేపు విని, ఎడమవైపు ధ్వని కాస్త పలచగా ఉందన్నారు.