ప్రతి ఆదివారం నాలుగు చుట్లు

మీలో ఎవరికైనా కారును నేలకు దించాలన్న కోరిక ఉంటే, ముందు ఇంట్లో టేపు ఎవరి చేతిలో ఉందో చూసుకోండి. మా ఇంట్లో అది మా ఆవిడ మెడలో ఉంటుంది. ఆమె బట్టలు కుడుతుంది. మనిషి గుమ్మం దాటేలోపే నడుము కొలత చెప్పేస్తుంది. నేనేమో కళ్లజోళ్ల దుకాణంలో ఊరందరి చూపూ పరీక్షిస్తాను. మా ఇద్దరిలో చూపు ఎవరికుందో చివరికి మీరే చెబుదురుగాని.

నా కారు వయసు ఇరవై ఆరేళ్లు. మూడేళ్లుగా నా ఆదివారాలన్నీ దానికే ధారపోశాను. అన్నీ కుదిరాయి గానీ, చక్రానికీ పైనున్న రేకుకీ మధ్య పిల్లి పడుకునేంత ఖాళీ మిగిలింది. నిజంగానే ఒక పిల్లి పడుకునేది.

పాత కార్ల పిచ్చివాళ్లమంతా ఏడాదికోసారి మైదానంలో కలుస్తాం. మా సంఘం అధ్యక్షుణ్ణి నేలబారు అంటారు. అతని కారు కిందనుంచి చీమ కూడా తల వంచుకునే వెళ్లాలి. కిందటేడు అతను నా కారును చూసి, బురద దాటడానికి ప్యాంటు మడుచుకున్నట్టుందని నలుగురిలో అన్నాడు. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. ఈసారి దించి తీరాలని కంకణం కట్టుకున్నాను.

దించడానికి మెకానిక్కు మూడు దారులు చెప్పాడు. ఉన్న స్ప్రింగుల్ని కోసేయడం మొదటిది. అది ప్రాణాల మీదకి తెస్తుందని అతనే వద్దన్నాడు. పొట్టి స్ప్రింగులు వేయడం రెండోది. అలా చేస్తే కారు ఒక్కపూటలో దిగిపోతుంది, సాయంత్రానికల్లా మా ఆవిడ కంట్లో పడుతుంది. మూడోది ఎత్తు మార్చుకోగల షాక్ అబ్జార్బర్లు వేయడం. వాటి ఒంటినిండా మరలుంటాయి, ఆ మరలమీద ఒక రింగు ఉంటుంది. స్పానరుతో రింగు నాలుగు చుట్లు తిప్పితే కారు చిటికెన వేలి గోరంత దిగుతుంది.

గోరంత అనగానే నా బుర్ర వెలిగింది. మైదానం రోజుకి ఎనిమిది ఆదివారాలున్నాయి. వారానికి గోరంత దించితే పిల్లికి కూడా అనుమానం రాదు.

షాక్ అబ్జార్బర్లు కారిపోతున్నాయి, మార్పించాలని ఇంట్లో చెప్పాను. మా ఆవిడ కుట్టుమిషను ఆపకుండానే ఎత్తు మారదు కదా అని అడిగింది. మారదన్నాను. ఆ పూటకి అది నిజమే.

మొదటి ఆదివారం నాలుగు చుట్లు తిప్పాను. చక్రం మధ్యనుంచి రేకు అంచుదాకా ముప్పై ఎనిమిది సెంటీమీటర్లుండేది ముప్పై ఏడు పైచిలుకు అయింది. నా ఆనందానికి అంతులేదు. రెండో ఆదివారం కొలిచాను. మళ్లీ ముప్పై ఎనిమిది.

నేను పట్టు వదిలే రకం కాదు. ఈసారి ఆరు చుట్లు తిప్పాను. మూడో ఆదివారానికి మళ్లీ ముప్పై ఎనిమిదే. మా ఆవిడ టేపు సాగిపోయిందేమోనని ఇనప టేపు కొన్నాను. ఇనప టేపూ గుడ్డ టేపూ ఒకే మాట మీద నిలబడ్డాయి.

మెకానిక్కును నిలదీస్తే అతను నా మొహం తప్ప గ్యారేజీలో ఉన్నవన్నీ చూశాడు. కొత్త స్ప్రింగులు కదా, బిగువు మీద ఉన్నాయన్నాడు. బిగువుంటే మాత్రం వాటంతటవి పైకి లేస్తాయా అని అడిగాను. కొన్ని లేస్తాయి సార్ అన్నాడు. నేను నమ్మాను. నాలుగో ఆదివారం పది చుట్లు తిప్పి, నువ్వో నేనో తేల్చుకుందామని కారుతో పైకే అన్నాను.

ఆ మంగళవారం కళ్లజోడు ఇంట్లో మరిచిపోయాను. కళ్లజోళ్లవాడికి ఇంతకంటే అవమానం లేదు. మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి కారు జాకీ మీద ఉంది. దాని పక్కన చాప మీద మా ఆవిడ పడుకుని స్పానరుతో రింగు తిప్పుతోంది. కుర్చీలో మా అమ్మ, ఒక చేత్తో కర్రా, రెండో చేత్తో టేపూ పట్టుకుని కూర్చుంది.

"కాస్త ఆగండి, ఇంకో రెండు చుట్లే" అంది మా ఆవిడ, తల తిప్పకుండానే.

అమ్మకి మోకీలు మార్పించి మూడు నెలలైంది. మంగళవారం మంగళవారం కాలి వ్యాయామం కోసం మా ఆవిడే అమ్మను ఈ కారులో ఆసుపత్రికి తీసుకెళ్తుంది. సీటు గోరంత దిగినా ఆ కాలు వంగదు, వంగినా అమ్మ పైకి లేవలేదు. ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా నాకు తట్టలేదు.

"మొదటి వారమే నాతో చెప్పొచ్చుగా?" అన్నాను.

"చెబుదామనే అనుకున్నాను. అత్తయ్యే వద్దన్నారు, మెకానిక్కునీ చెప్పొద్దన్నారు."

అమ్మ టేపు చుట్టుకుంటూ, "చెబితే మానేస్తావు కదరా. ఇదొక్కటే కదా నీ సరదా" అంది.

నాకు సిగ్గేసింది. మా ఆవిడ బట్టలమీద గీసే సుద్దతో, రింగు నిలవాల్సిన చోట మరలమీద రెండు గీతలు గీసింది. పైది అత్తయ్యది, కిందది మీది అంది. మంగళవారాలకి పై గీత. మైదానం రోజున కింద గీతకి దించుకోవచ్చు, తను అడ్డు రానంది. అప్పటినుంచీ సోమవారాలు కారును పై గీతకి ఎత్తడానికి స్పానరు నా చేతికే వచ్చింది.

మైదానం రోజు రానే వచ్చింది. కారు నా గీతకి దిగి, నేను కలలు కన్నట్టే ఉంది. అమ్మ తయారై బయటికొచ్చింది. సీటు వంక చూసింది, తన కాలి వంక చూసుకుంది.

"నువ్వు వెళ్లిరా నాన్నా. నాకు ఎండ పడదు" అంది.

ఆకాశమంతా మబ్బు పట్టి ఉంది.

స్పానరు కోసం వెనక్కి తిరిగాను. చాప పరిచి ఉంది. జాకీ దాని పక్కనే ఉంది. మా ఆవిడ టేపు మెడలో వేసుకుని, నన్ను తొందరపెట్టకుండా నిలబడి ఉంది. అన్నమాట ప్రకారం ఆమె అడ్డు రాలేదు.

మైదానంలో నా కారు అన్నిటికంటే ఎత్తుగా, మళ్లీ ప్యాంటు మడుచుకునే నిలబడింది. నేలబారు నవ్వడానికి నోరు తెరిచాడు. ఈలోగా అమ్మ తలుపు తీసి, రెండు కాళ్లూ నేలకానించి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచి నిలబడింది. ఆపరేషనయ్యాక అలా లేవడం అదే మొదలు. ఆ క్షణంలో నాకు ఏ కారూ కనిపించలేదు.

నేలబారు తెరిచిన నోరు మూశాడు. అతని కారులో అతని నాన్నగారు ఇరుక్కుపోయి ఉన్నారు. ముగ్గురు పట్టి లాగుతున్నా ఆయన సగమే బయటికొచ్చారు.

కాసేపటికి నేలబారు నన్ను దాటుకుని మా ఆవిడ దగ్గరికెళ్లి, గొంతు తగ్గించి, "అక్కా, మా నాన్నగారికి కూడా ఒక గీత గీసిపెడతారా?" అన్నాడు.

"కొలతకి ముందు మనిషిని బయటికి తీసుకురండి" అంది మా ఆవిడ.

నేను టేపు పట్టుకుని ఆమె వెనకే వెళ్లాను.