చింతపండు రసంలో నూరేళ్లు

శుక్రవారం పొద్దున సయీదా వేసుకున్న పథకంలో యుద్ధం లేదు. వంకాయలతో చేసే బగారా బైంగన్‌కు చింతపండు నానబెట్టడం, బిర్యానీ మీదికి గుడ్లు ఉడకబెట్టడం, జుమ్మా నమాజు తర్వాత భర్త వెంటబెట్టుకొచ్చే అతిథికి భోజనం పెట్టడం, అతిథి వెళ్లేలోపు హాల్లోని అద్దాల అల్మారాను స్వాధీనం చేసుకోవడం. అంతే.

దోహాలో, అల్ మన్సూరాలోని ఆ ఇరుకు ఫ్లాటులో అద్దాల తలుపులున్న అల్మారా అదొక్కటే. పెళ్లికి అమ్మీ ఇచ్చిన పింగాణీ డిన్నర్ సెట్‌ను అందులో పెట్టుకుందామని సయీదా జగిత్యాల నుంచి బట్టల మధ్య చుట్టి తెచ్చుకుంది. ఆమె పెట్టె విప్పేలోపే భర్త లియాఖత్ అలీ ఆ అల్మారాలో పాత జర్మన్ యుద్ధ పతకాలు పరిచేశాడు. డిన్నర్ సెట్ మంచం కిందికి పోయింది. ఎవరివో తెలియని ధైర్యసాహసాలకు అద్దాల తలుపులు, ఆమె పింగాణీకి దుమ్ము.

లియాఖత్ అలీ ఒక ఏసీల కంపెనీలో స్టోర్ ఇన్‌ఛార్జి. పార్కింగ్ కోసం కూడా ఎవరితోనూ పోట్లాడి ఎరగడు. అలాంటి మనిషి ఈ మధ్య ఆన్‌లైన్ వేలంలో ఒక ఇనుప శిలువ పతకం కొని, ఇంట్లో జనరల్‌లా నడవడం మొదలుపెట్టాడు.

"మొదటి ప్రపంచ యుద్ధం నాటిది. నడుమ నల్ల ఇనుము, చుట్టూ అసలు వెండి. పైన రింగు మీద చేసినోని ముద్ర. వెండి మీద ఆ నలుపు చూసినవా? నూరేండ్ల నలుపు."

"నకిలీదైతే?" అంది సయీదా.

"నకిలీదైతే అల్మారా ఖాళీ చేస్త. అసలుదైతే మాత్రం ఇంకెప్పుడు అల్మారా మాట ఎత్తద్దు."

"పందెం హరామండీ."

"ఇది పందెం గాదు, ఒప్పందం."

తీర్పు చెప్పేవాడు ఆ పూట అతిథి సురేందర్. దోహా దగ్గరి మెసయీద్‌లో ఒక ఎరువుల కంపెనీలో ఇంజనీరు, పతకాల విషయంలో లియాఖత్ అలీకి గురువు.

ఇంట్లో వెలుతురు బాగా పడే కిటికీ వంటింట్లోదే. ఫోటో తీయడానికి లియాఖత్ అలీ పతకాన్ని పొయ్యి పక్కన గట్టు మీద పెట్టాడు, తీశాడు, అక్కడే మరిచి నమాజుకు వెళ్లిపోయాడు. పోతూ గుమ్మంలోంచి, "దాన్ని ముట్టకు" అని మాత్రం చెప్పాడు.

నూనె చిట్లుతోంది. పతకానికి తగలకుండా పక్కకు జరుపుదామని సయీదా దాన్ని ఎత్తింది. జిడ్డు చేతిలోంచి అది జారి, నేరుగా చింతపండు గిన్నెలో పడింది. తీసి చూస్తే సగం తళతళలాడుతోంది, సగం నల్లగా ఉంది. సగం తోమిన గిన్నెను బోర్లించడం ఆమె పుట్టింటి పద్ధతి కాదు. మిగతా సగం కూడా తోమేసింది.

భర్త అతిథితో లోపలికి వచ్చేసరికి పతకం డైనింగ్ టేబుల్ మీద కొత్త గ్లాసులా మెరుస్తోంది.

"ఏం చేసినవ్ సయీదా?"

"కడిగిన."

"నూరేండ్ల నలుపు కడిగినవా?"

"ఒక్క చింతపండు రసంల పోయేటివి నూరేండ్లెట్లయితయి?"

లియాఖత్ అలీ కుర్చీలో కూలబడ్డాడు. కాసేపటికి ఆ విషాదంలోనే అతనికి ఒక లాభం కనిపించింది. "నలుపు లేకుంటే సురేందర్ భాయ్ ఎట్ల చెప్తడు? ఒప్పందం కేన్సల్."

సురేందర్ భూతద్దం తీశాడు. రింగు మీది ముద్రను అటూ ఇటూ తిప్పి చూశాడు. చేసినవాళ్లు సుత్తితో కొట్టిన ముద్ర లోపలికి దిగి ఉండాలి. ఇది అచ్చులో పోత పోసినట్టు పైకి ఉబ్బి ఉంది. కానీ వంటింట్లోంచి బిర్యానీ వాసన వస్తోంది, పిలిచినవాడు ఎదురుగా తల పట్టుకుని కూర్చున్నాడు.

"ఇప్పుడేం చెప్పలేం, భాభీ" అన్నాడు.

"మీకు నలుపే గావాలె గద" అంది సయీదా. "నలుపు నేను తెస్త. ఒప్పందం మాత్రం కేన్సల్ గాదు."

ఉడికిన గుడ్లు వేడివేడిగా రెండేసి ముక్కలు కోసి, డబ్బాలో వేసి, పతకాన్ని వాటి మధ్య పెట్టి మూత బిగించింది. అమ్మీ వెండి చెంచాతో ఎవరైనా గుడ్డు తింటే చెంచా నల్లబడేది, ఆ పూటంతా ఇల్లు వణికేది. అసలు వెండి గుడ్డుకు లొంగకుండా ఉండదు.

"ఇక్కడి గుడ్లకు అంత పవర్ ఉండది" అన్నాడు లియాఖత్ అలీ. "మనూరి నాటుకోడి గుడ్లు గావాలె."

"అట్లనా. సురేందర్ భాయ్, మీ ఉంగరం ఇటియ్యండి."

సురేందర్ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "మా ఇంటామె సుమలత పూజ చేయించి పెట్టింది, భాభీ. తియ్యద్దన్నది."

"అసలు వెండేనా?"

"మా మామ దుకాణంలది" అన్నాడు సురేందర్. అత్తగారి తరఫు పరువు డబ్బాలోకి వెళ్లక తప్పలేదు.

ముగ్గురూ గుడ్లు లేని బిర్యానీ తిన్నారు. డబ్బా టేబుల్ మధ్యలోనే ఉంది. లియాఖత్ అలీ ముద్దముద్దకూ దానివైపు చూశాడు. చాయ్ కూడా అయ్యాక సయీదా మూత తీసింది.

ఉంగరం బొగ్గులా ఉంది. పతకం పెళ్లికొడుకులా ఉంది.

సురేందర్ గొంతు సవరించుకున్నాడు. "లియాఖత్ భాయ్, పోత పని మాత్రం నీట్‌గ చేసిండ్రు."

నల్ల ఉంగరాన్ని సయీదా మిగిలిన చింతపండుతో తోమి ఇచ్చింది. అది ఎంత మెరిసిందంటే, ఆ సాయంత్రం వీడియో కాల్‌లో సుమలత, "నేను పెట్టింది ఎక్కడ పోగొట్టి ఇది కొన్నవ్?" అని నిలదీసిందట.

లియాఖత్ అలీ ఓటమిని అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. "ఒకటి నకిలీదైతే అన్నీ నకిలీవా?" అని అల్మారాలోని పతకాలన్నీ తానే తెచ్చి డబ్బాలో పోశాడు. సయీదా ఇంకో విడత గుడ్లు ఉడికించింది. ఈసారి ఒకటి నల్లబడింది. ఏదో కొంటే ఊరికే కలిపి ఇచ్చిన, బొత్తాం లాంటి చిన్న పతకం. అతను దాన్ని అరచేతిలో పెట్టుకుని ఫోటో తీసుకున్నాడు.

అల్మారాలో ఇప్పుడు డిన్నర్ సెట్ ఉంది. కూర గిన్నె పక్కన ఆ చిన్న పతకానికి సయీదా తానే చోటిచ్చింది. మిగతావి మంచం కింద ఉన్నాయి. సంగతి దోహాలోని పతకాల వాళ్లందరికీ పాకింది. కొనేముందు ఒకసారి భాభీకి చూపిద్దామని శుక్రవారం శుక్రవారం ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు.

అందుకే ఆ ఇంట్లో గుడ్లు రెండు గిన్నెల్లో ఉడుకుతాయి: ఒకటి బిర్యానీకి, ఇంకొకటి చరిత్రకు.